ఇంట్లో ఒక భాష, రాతి మీద ఇంకొకటి

మా ఊరు ట్రాయ్ అనగానే ఇండియాలో బంధువులు కొయ్యగుర్రం సంగతి అడుగుతారు. ఇది మిషిగన్ ట్రాయ్ అని చెప్పుకోవడం మనందరికీ అలవాటే. కాని ఈమధ్య మా ఇంటికి నిజంగానే ప్రాచీన చరిత్ర వచ్చింది, మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు రూపంలో. తను ఎంచుకున్నది పెట్రా నగరం. (రాత్రి పదకొండింటికి అట్టముక్కలు అతికించిందెవరో తల్లిదండ్రులకు వేరే చెప్పాలా?)

ఇప్పటి జోర్డాన్‌లో ఎర్రటి కొండల్ని తొలిచి ఆ నగరాన్ని నిర్మించినవారు నబతీయులు. ఎడారిలో కురిసే కాస్త వాననీటినీ రాతి తొట్లలోకి మళ్ళించుకుని, అరేబియా సాంబ్రాణిని ఒంటెల మీద మధ్యధరా రేవులకు చేరవేస్తూ బాగుపడ్డారు. మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్'లో వారి రాజు మాలికస్ పేరుంది. అందులోనే 'మసాలియా' సన్నబట్టల ప్రస్తావనా ఉంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని పండితులంటారు.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం వారి పరదేశపు గుడి. ఇటలీలో నేపుల్స్ దగ్గరి పుటియోలి రేవులో స్థిరపడ్డ నబతీయ వర్తకులు తమ దేవుడు దుషారాకు అక్కడే గుడి కట్టుకున్నారు. క్రీ.శ. 11లో ఇద్దరు భక్తులు రెండు ఒంటెలు సమర్పించామని తమ లిపిలో చెక్కించారు. ఊరుగాని ఊళ్ళో గుడి, దాతల పేర్లతో రాయి! మన భారతీయ టెంపుల్‌కు చందాలిచ్చినవారికి ఇందులో వింతేముంది?

అయితే ఆ రాత అరామిక్ భాషలో ఉంది. పడమటి ఆసియాలో అప్పుడు రాతకోతలకు చెల్లుబాటైన భాష అది. ఇళ్ళల్లో చాలామంది మాట్లాడింది అరబిక్ అని వారి పేర్లను బట్టి పండితులు ఊహిస్తారు. ఇది వినగానే మా అమ్మాయి "మనలాగే!" అంది. అమ్మమ్మతో ఫోనులో తెలుగే మాట్లాడుతుంది, మెసేజి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పంపుతుంది.

నేనూ ఊరుకోలేదు. మన శాతవాహనులు సైతం శాసనాలు ప్రాకృతంలో వేయించారని చెప్పాను. అమరావతి రాతి మీది 'నాగబు' అన్న ఒక్క మాటలో తెలుగును గుర్తుపట్టి ఎంత మురిసిపోయామో చెప్పాను. వాక్యాలతో తెలుగు శాసనం కావాలంటే కడప జిల్లా కలమళ్ళ దాకా, క్రీ.శ. 575 ప్రాంతం దాకా ఆగాలి. నబతీయుల రాజ్యం 106లో రోమన్ల పాలైంది. లిపి మాత్రం బతికింది. 328లో దక్షిణ సిరియాలోని నమారాలో ఒక రాజు సమాధి రాతి మీద ఆ లిపిలోనే అరబిక్ భాష కనిపిస్తుంది. నేటి అరబిక్ అక్షరాలు అందులోంచి వచ్చినవే.

"అయితే రాతి మీదికి ఎక్కకపోయినా, అన్ని వందల ఏళ్ళూ ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నారా?" అంది.

ఆ ప్రశ్న ఇంగ్లీషులోనే అడిగింది లెండి.