కృష్ణకు ఆవలి చదువు, ఈవలి లెక్క

నడికుడి నుండి బీబీనగర్ దిశగా వెళ్ళే రైలు కృష్ణను దాటి నల్గొండ జిల్లాలో ప్రవేశిస్తుంది. 1948కి పూర్వం ఆ వొడ్డు నిజాం రాజ్యం, ఈ వొడ్డు బ్రిటిషు వారి మద్రాసు రాజధాని. పల్నాటి విద్యార్థికి పరాయి రాజ్యపు చదువు లండనులో కాదు, నది అవతలే మొదలయ్యేది.

అయితే ఆవల చదివిన ప్రతి చదువూ పరాయిది కాదు. 1887లో హైదరాబాదులో నెలకొన్న నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా వుండేది. అక్కడి పట్టా మద్రాసుదే గనుక ఈ వొడ్డున దాన్ని ప్రశ్నించే పని లేదు. అదే నగరంలో 1918లో ఏర్పడిన ఉస్మానియా సంగతి వేరు. బోధనా భాష ఉర్దూ, పాఠ్యగ్రంథాలను సమకూర్చటానికి స్వంత అనువాద శాఖ, పరీక్షలూ స్వంతవే. చదువు తక్కువని కాదు, అది తమ చదువుతో సమానమని అవతలివారు ఒప్పుకోవాలి.

ఇస్లామీయ విద్యాసంప్రదాయంలో ఈ చిక్కు ఇంతగా లేదు. ఫలానా గ్రంథం నా వద్ద చదివాడు, దానిని బోధించవచ్చునని గురువు వ్రాసి యిచ్చేదే ఇజాజా. దాని విలువ గురుపరంపరది, భవనానిది కాదు. హదీసు కోసం జరిగిన ప్రయాణాలపై ఖతీబ్ బగ్దాదీ (మరణం 1071) ఒక గ్రంథమే రచించారు. విద్యార్థి ఎన్ని నగరాలు తిరిగితే అంత గౌరవం. విశ్వవిద్యాలయం లెక్క అది కాదు. 2022 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం ట్వినింగ్ కోర్సులో విదేశీ సంస్థలో ఆర్జించే క్రెడిట్లు 30 శాతానికి మించరాదు. మిగిలినది ఎంత బాగా చదివినా లెక్కకు రాదు!

ఈ రెండు పద్ధతులనూ ఎరిగినవారు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002). జామియా నిజామియాలోనూ, ఉస్మానియాలోనూ చదివారు. ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయంపై పరిశోధన సాగిస్తూ ఐరోపా వెళ్ళి, 1933లో బాన్ నుండి, 1935లో సోర్బోన్ నుండి డాక్టరు పట్టాలు పొందారు. కృష్ణకు ఈవల సంశయానికి తావిచ్చే ఉర్దూ చదువు రైను తీరాన అడ్డు కాలేదు. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే బోధించారు. 1948లో హైదరాబాదు విలీనమైన నాటి నుండి పారిస్‌లోనే స్థిరపడిపోయారు. ఉస్మానియాలో ఉర్దూ బోధన కూడా ఆ మార్పుల్లోనే ముగిసి, దాని స్థానంలో ఇంగ్లీషు వచ్చింది.