బెంగళూరు స్వతంత్ర రాక్ బృందములు

చలనచిత్ర పరిశ్రమను గాని పెద్ద రికార్డు కంపెనీలను గాని ఆశ్రయింపక, తమ పాటలను తామే వ్రాసికొని, తామే బాణీ కట్టికొని, చేతిసొమ్ముతో రికార్డు చేసి, కచేరి ముగిసిన పిమ్మట వేదిక ప్రక్కనే సీడీలు పేర్చుకొని అమ్ముకొను రాక్ బృందములను స్వతంత్ర బృందములనియు, వాడుకలో ఇండీ బ్యాండ్లనియు వ్యవహరింతురు. 2004లో కెనడా దేశపు ఆర్కేడ్ ఫైర్ బృందము 'ఫ్యూనరల్' అను ఆల్బముతోను, 2006లో ఇంగ్లండునందలి షెఫీల్డు యువకులు ఆర్కిటిక్ మంకీస్ అను పేరితోను పాశ్చాత్యదేశములలో ఈ ధోరణికి నూతనవ్యాప్తి కలిగించిరి. అక్కడ ఇండీ యనగా పెద్ద కంపెనీలకు ఎడముగా నిలుచునది; మన దేశమున ఆ మాటకు అర్థము వేరు. పాట యనగానే సినిమా పాట యని తలచు అలవాటు చిరకాలముగా మనలో స్థిరపడియుండుటచే, ఇచట సినిమాకు చెందని పాట యేదైనను స్వతంత్రమే యగును. ఈ అర్థమున స్వతంత్ర సంగీతమును పోషించిన భారతీయ నగరములలో బెంగళూరు ముఖ్యమైనది.

ఇందులకు కారణము వెదకినచో దండు ప్రదేశము వరకు పోవలసియుండును. 1809లో ఆంగ్లేయులు సైన్యమునకై నెలకొల్పిన ఆ ప్రాంతమునకు సైన్యము వెంట తమిళులు, తెలుగువారు వచ్చి స్థిరపడిరి. ఆంగ్లో-ఇండియను కుటుంబములలో పియానో, గిటారు గృహోపకరణములైనవి. చర్చి గానబృందములు పిల్లలకు స్వరమేళనము నేర్పినవి. 1970లనాటికే హ్యూమన్ బాండేజ్ వంటి బృందములు ఈ నగరమున రాక్ వాయించుచుండెను. తెలుగు పాఠకుడు ఇచట ఒక బంధుత్వమును గుర్తింపవలెను. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' ప్రకటించి తెలుగు కవిత్వమునకు పాశ్చాత్యవాద్యము పేరు తగిలించిన పఠాభి, అనగా తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, తరువాతి కాలమున బెంగళూరులో స్థిరపడి, 1970లో 'సంస్కార' అను కన్నడ చిత్రమునకు దర్శకత్వము వహించెను. ఆయన కుమారుడు కోణార్క్ రెడ్డి ఈ నగరపు గిటారు విద్వాంసులలో పేరెన్నికగన్నవాడు. శీర్షికలో ఫిడేలు పెట్టిన కవి యింట గిటారు మ్రోగుట యాదృచ్ఛికమే కావచ్చును గాని, ఈ వ్యాసకర్తకు అది ఎంతో ప్రీతికరమైన విషయము.

అయినను 1990ల మధ్యవరకు ఇచటి బృందములు ఎక్కువగా వాయించినవి పరుల పాటలే. కళాశాల ఉత్సవములలో శ్రోతలు తమకు తెలిసిన అమెరికా, ఇంగ్లండు బృందముల గీతములనే కోరుచుండిరి; బృందమువారు సొంతపాట ఎత్తుకొన్నచో ఆ నాలుగు నిమిషములు కాఫీకై లేచిపోవుట వాడుక. ఈ స్థితి మారుటకు రెండు ఆధారములు లభించెను. అలహాబాదునుండి అమిత్ సైగల్ 1993లో ఆరంభించిన 'రాక్ స్ట్రీట్ జర్నల్' అను పత్రిక దేశమందలి బృందములకు పరస్పరపరిచయము కలిగించెను. బెంగళూరులో 1996లో స్వాతంత్ర్యదినమును పురస్కరించుకొని ప్రారంభమైన ఫ్రీడమ్ జామ్, తరువాత నెలకొకమారు ఆదివారమునాడు జరుగు ఉచిత కచేరీలు, సొంతపాట పాడదలచిన ప్రతివానికిని టిక్కెట్టు లేని వేదికను సమకూర్చెను.

ఆ 1996లోనే క్రైస్ట్ కళాశాల విద్యార్థుల నడుమ థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అను బృందము పుట్టెను. పేరిలో ఒక శ్లేష యున్నది: నలుగురిలో ముగ్గురు మలయాళీలు, అనగా 'త్రీ మల్', నాల్గవవానిలో మలయాళ రక్తము పాతికపాలు మాత్రమే! గాయకుడును గిటారిస్టును ఐన బ్రూస్ లీ మణి, డ్రమ్ములు వాయించు రాజీవ్ రాజగోపాల్ తొలినుండి నేటివరకు ఈ బృందమునకు మూలస్తంభములు. 2000లో వెలువడిన వీరి ప్రథమ ఆల్బమునకు వీరు పెట్టిన పేరు తమ వెబ్‌సైటు చిరునామాయే. డాట్‌కామ్ అను తోక ఊరంతటా వినబడుచున్న దినములవి. 2002లో 'జూపిటర్ కెఫే', 2005లో 'ప్లాన్ బి', 2008లో 'దిస్ ఈజ్ ఇట్' వెలువడినవి. జాజ్, ఫంక్, బ్లూస్ రీతులను కలిపి, లెక్క తప్పకుండ సాగు క్లిష్టమైన తాళములపై, నగరజీవితమును గూర్చిన ఆంగ్లగీతములను పాడుట వీరి పద్ధతి. దానికి వీరు బెంగళూరు రాక్ అని పేరు పెట్టుకొనిరి. 2012 నాటి మూడు డిస్కుల ఆల్బము '3 వీల్స్ 9 లైవ్స్' పేరిలోని మూడు చక్రములు ఆటోరిక్షావి. బెంగళూరున సాయంకాలము గిటారు పెట్టెను ఒడిలో నిలువుగా పట్టుకొని, ఆంప్లిఫయరును కాళ్ల నడుమ నిలిపి, మీటరుపైన ఎంత ఇచ్చుకొనవలెనో బేరమాడి, ట్రాఫిక్కులో ఇరుక్కొని కచేరికి పోయినవాడే అట్టి శీర్షికను పెట్టగలడు. ఆంగ్లములో పాడినను ఊరిని పాడవచ్చునని చూపుట ఈ బృందము చేసిన మొదటి మేలు; ఇరువది యేండ్లకు పైగా విచ్ఛిన్నము గాక నిలిచియుండుట రెండవది.

శతాబ్దారంభమున ప్యాలెస్ గ్రౌండ్సు మైదానము విదేశీబృందములకు విడిదియైనది. 2002లో రోజర్ వాటర్సు, 2003లో రోలింగ్ స్టోన్సు, 2005లో మార్క్ నాప్‌ఫ్లర్, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా ఇచట పాడిరి. స్థానికబృందములకు వీరివలన కలిగిన లాభము శ్రోతలు పెరుగుటకన్న, పెద్ద వేదికపై శబ్దము ఎట్లుండవలెనో చెవులార వినుట.

రెండవ మలుపు కన్నడమున వచ్చినది. ఈ వ్యాసకర్త అభిప్రాయమున బెంగళూరు రాక్ చరిత్రలో ఇంతకన్న గొప్ప ఘట్టము లేదు. మైసూరులో పెరిగి, భరతనాట్యము నేర్చి, సూక్ష్మజీవశాస్త్రమున ఎమ్మెస్సీ పట్టము పొందిన రఘు దీక్షిత్ (జననము 1974) ఒక సహపాఠి తన నాట్యమును ఎగతాళి చేయగా పంతము పట్టి గిటారు చేపట్టెనని ప్రసిద్ధి. మొదట అంతరాగ్ని యను బృందమును నడిపి, పిదప రఘు దీక్షిత్ ప్రాజెక్ట్ పేర, సభ్యులు మారుచుండునట్టి బృందమును ఏర్పరచెను. హిందీ చిత్రసంగీత దర్శకులు విశాల్–శేఖర్ తమ సొంత రికార్డు సంస్థద్వారా 2008లో ఆయన ప్రథమ ఆల్బమును వెలువరించిరి. అందు హిందీ, ఆంగ్ల గీతముల నడుమ శిశునాళ షరీఫుని తత్త్వములు కలవు. ధార్వాడ ప్రాంతపు షరీఫు (1819–1889) మహమ్మదీయుడై పుట్టి, గోవిందభట్టను బ్రాహ్మణగురువు నాశ్రయించి, ఇంటి కప్పు కారుటను, గుడుగుడి పీల్చుటను నెపముగా పెట్టుకొని దేహతత్త్వమును బోధించినవాడు. మనకు వేమన, వీరబ్రహ్మము ఎట్టివారో కన్నడిగులకు ఆయన అట్టివాడు. గాయకుడు సి. అశ్వత్థ్ ఆ తత్త్వములను అంతకుమునుపే ఇంటింటికి చేర్చియుండెను. రఘు దీక్షిత్ వానిని గిటారుతో, వయొలినుతో, కాలిగజ్జెలతో, రంగురంగుల లుంగీలతో వేదికకెక్కించగా, తాతలు పాడిన పాటకు మనుమలు ఎగిరి గంతులు వేసిరి. 2010లో బీబీసీవారి జూల్స్ హాలండ్ కార్యక్రమమునను, 2011లో ఇంగ్లండునందలి గ్లాస్టన్‌బరీ ఉత్సవమునను ఈ బృందము పాడెను. కన్నడము తెలియని ఆంగ్లశ్రోత షరీఫుని చరణమునకు చప్పట్లు కొట్టుట ఒక విశేషము. కన్నడము తెలిసియు తమ మాతృభాషలో రాక్ పాడుటకు సిగ్గుపడిన బెంగళూరు విద్యార్థులు ఆ సిగ్గును విడుచుట అంతకన్న పెద్ద విశేషము.

రఘు దీక్షిత్ తమ్ముడు వాసు దీక్షిత్ 2002లో స్థాపించి, 2006లో నూతనసభ్యులతో పునర్నిర్మించిన స్వరాత్మ బృందము ఇదే బాటను మరింత నాటకీయముగా నడచెను. వాసు నడుమునకు గుడ్డగుఱ్ఱమును తగిలించుకొని వేదికపైకి వచ్చును. మన జాతరలలో కీలుగుఱ్ఱమాట చూచినవారికి అది పరాయిదిగా తోచదు. 2009 నాటి వీరి ప్రథమ ఆల్బములో 'ప్యాసీ' అను గీతము కలదు. కావేరి నీటికై రెండు రాష్ట్రములు తగవులాడుచుండగా ఆ నదియే నోరు తెరచి దాహమని మొరపెట్టునట్లు కూర్చిన పాట అది. కర్ణాటకము నడిగడ్డపై నిలిచి, ఏ పక్షమునకును వత్తాసు పలుకక, నదిపక్షమున పాడుటకు ధైర్యము కావలెను. 2012లో వెలువడిన 'టోపీవాలే' రాజకీయ నాయకులపై వ్యంగ్యము.

కర్ణాటక సంగీతమును రాక్‌తో మేళవించిన బృందములలో అగ్రగణ్యమైన అగమ్ 2003లో ఏర్పడెను. సభ్యులలో పలువురు పగటివేళ సాఫ్ట్‌వేర్ కొలువులు చేయుచుండిరి. వారాంతములే వీరి సాధనకాలమయ్యెను. 2007లో ఎ. ఆర్. రెహమాన్ పేర సన్ టీవీలో సాగిన తమిళ పోటీలో వీరికి గుర్తింపు కలిగెను. 2012లో 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్' అను ఆల్బము వెలువడెను. అందు 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అను పాటను తెలుగువాడు కొంచెము ఆగి వినవలెను. పేరు ఆంగ్లమైనను లోపలనున్నది త్యాగరాజస్వామివారి హంసనాద రాగకృతి 'బంటురీతి కొలువు'. నేటి వాడుకలో గాంధార ధైవతములు లేక ఐదు స్వరములతో నడచు ఈ రాగము, బ్లూసు మూలముగా ఐదు స్వరముల వరుసలకు అలవాటుపడిన గిటారు వ్రేళ్లకు సులభముగా లొంగును. అందుచేతనే గిటారు వచ్చి చేరినను రాగము బెసకినట్లు వినబడదు. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ కేరళీయుడు. ఆయన నోట మన తెలుగు సాహిత్యము, డ్రమ్ముల హోరు నడుమ, అక్షరము చెదరక వినవచ్చుచుండగా, శ్రోతలలోని తెలుగు ఇంజనీర్లు అమ్మమ్మ యింట విన్న కృతిని గొంతెత్తి కలిపి పాడుదురు. తెలుగుదేశము వెలుపల, తెలుగేతరుల కంఠమున, తెలుగుపాటకు రాక్ వేదికపై ఇంతటి గౌరవము కలిగించిన బృందము మరియొకటి ఈ వ్యాసకర్త ఎరుకలో లేదు. సంప్రదాయజ్ఞులలో కొందరు దీనిని ఆక్షేపించిరి. గమకము తగ్గునను వారి శంక నిరాధారము కాదు. కాని ఆ కృతిని మొదటిసారి ఈ రూపమున విని, తరువాత పెద్ద విద్వాంసుల కంఠమున వెదకి విన్న యువకులు చాలమంది కలరు.

ఇవి గాక, మాటలు మిక్కిలి తక్కువగా, గిటారు తరంగములు ఎక్కువగా ఉండు 'గోయింగ్ నోవేర్' (2008) ఆల్బమును వెలువరించిన లౌంజ్ పిరానా, 1998నుండి హెవీ మెటల్ వాయించుచు 2013లో జర్మనీయందలి వాకెన్ ఉత్సవమునకు పోయిన క్రిప్టోస్ కూడ స్మరణీయములు.

వేదికల కథ సుఖమైనది కాదు. 2005లో బహిరంగ వినోదస్థలముల లైసెన్సులను నియంత్రించుటకై బెంగళూరు నగరమునకు ఒక ఉత్తర్వు వెలువడెను. స్త్రీలచే నృత్యము చేయించు బార్లను అదుపుచేయుట దాని తలంపని చెప్పబడినను, లైవ్ బ్యాండ్ అను మాటక్రింద గిటారు వాయించు పబ్బులును చిక్కుకొనెను. వ్యాజ్యము చాలకాలము సాగి, 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించెను. ఈ నడుమ ఇందిరానగర్‌లో కైరా, బీఫ్లాట్, వైట్‌ఫీల్డులో కౌంటర్ కల్చర్ వంటి స్థలములు లేచి కొంతకాలము బృందములకు నీడనిచ్చెను. 2013లో తెరువబడిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడెను. తలుపు మూసిన ప్రతి వేదికతోను, అప్పుడే పుట్టుచున్న బృందములకు తొలి కచేరి దొరకు తావొకటి పోయినది. ఊరి వెలుపల కనకపుర రోడ్డుపై ఫైర్‌ఫ్లైస్ ఆశ్రమమున పెద్ద మఱ్ఱిక్రింద రాత్రంతయు సాగిన సంగీతోత్సవము మాత్రము పబ్బులకు సంబంధింపని మరియొక లోకము. దుప్పట్లు కప్పుకొని, రాతిమెట్లపై కునుకుచు, తెల్లవారుజామున ఎవరు పాడుదురోయని శ్రోతలు నిరీక్షించుచుండిరి.

పాటనే నమ్ముకొని బ్రతుకుట బెంగళూరున నేటికిని కష్టమే. ఇండ్ల అద్దెలు సాఫ్ట్‌వేర్ జీతములతో పోటీపడి పెరుగుచుండగా, వాద్యకారునకు వచ్చు రాబడి ఆ వేగమున పెరుగలేదు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ వారు తాక్‌అకాడమీ యను సంగీతపాఠశాలను నెలకొల్పి, గిటారు, డ్రమ్ములు బోధించుచు జీవనమును కుదుటపరచుకొనిరి. 2010లో ఏర్పడిన పర్వాజ్ బృందమున గాయకుడు ఖాలిద్ అహమద్, తొలి గిటారిస్టు కాషిఫ్ ఇక్బాల్ కాశ్మీరునుండి వచ్చినవారు. ఫిడెల్ డిసౌజా బేసును, సచిన్ బనందూర్ డ్రమ్ములను వాయించిరి. వీరి పాటలు ఉర్దూలోను కాశ్మీరీలోను ఉండును. 2014లో 'బారాన్', అనగా వర్షము, 2019లో 'కున్' అను ఆల్బములు వీరివి. కన్నడనగరమున, మలయాళ కంఠమున తెలుగుకృతి మ్రోగిన ఊరిలోనే, ఈ కాశ్మీరీ మాటలకు అర్థము తెలియని శ్రోతలు ఖాలిద్ ఎత్తుకొన్న పల్లవిని మొదటి అక్షరమునుండి తామే అందుకొని పాడుదురు.