నక్కలైన గుఱ్ఱములు: మధుర, కోయంబత్తూరు సీమలలో ఓడగుఱ్ఱపు జ్ఞాపకము

చిత్రాపూర్ణిమనాఁటి వేకువను మధురలో వైగైయొడ్డునకుఁ బోయినవారు అళగరుస్వామి బంగారు గుఱ్ఱము నెక్కి యేటిలో దిగుట చూతురు. మీనాక్షీదేవాలయపు తూర్పుగోపురమున కెదురుగాఁ దిరుమల నాయకుఁడు (1623-1659) కట్టించిన పుదుమండపము ముఖమున ముందుకాళ్లెత్తి నిలిచిన గుఱ్ఱములు రాతివి. పల్లెల పొలిమేరలలో అయ్యనారు గుడులముందు కుమ్మరులు చేసి నిలిపినవి మట్టివి. బంగారమునను, రాతను, మంటను ఇన్ని గుఱ్ఱములున్న యీ సీమలో ప్రాణమున్న గుఱ్ఱము మాత్ర మెన్నఁడును ఇంటి జంతువు కాలేదు. ఎద్దువలె నది పెరటిలోఁ బుట్టి పెరిగినది కాదు. అది యోడలమీఁద వచ్చినది. వచ్చి, చాలవఱకుఁ జచ్చినది.

తామ్రపర్ణి సముద్రమునఁ గలియు ప్రాంతమునఁ గాయలను రేవుపట్టణ ముండెను. 13వ శతాబ్ది చివర నచ్చటిని గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుఁడు మార్కో పోలో, హుర్ముజు, కిష్, ఏడెను మొదలగు పడమటి రేవులనుండి గుఱ్ఱములతో వచ్చు నోడలన్నియుఁ గాయలునందే యాఁగుననెను. పారసీక చరిత్రకారుఁడు వస్సాఫు లెక్కలే చెప్పెను. కిష్ ద్వీపపు వర్తకప్రభువు ఏఁటేఁటఁ దన మందలనుండి 1,400 గుఱ్ఱములను ఈ తీరమున కంపవలెనని యొడంబడిక. ఇతర రేవులనుండి వచ్చువానిఁ గూడఁ గలిపినచో ఒకప్పు డేఁటికి 10,000. తలకు 220 ఎఱ్ఱబంగారు దీనారములు వెల. సముద్రముమీఁదఁ జచ్చిన గుఱ్ఱమునకును బొక్కసమునుండి వెల చెల్లింపవలసినదే. ఈ సంఖ్యలు కొంత పెంచి చెప్పినవి కావచ్చును. సగము తీసివేసినను మిగిలినది చిన్న మొత్తము కాదు.

ఇంత ధన మేమైనదో పోలోయే చెప్పినాఁడు. పాండ్యసోదరు లేవురును ఒక్కొక్కరు ఏఁటికి రెండువేలు గుఱ్ఱములను గొనుచుండిరఁట. ఏఁడు తిరుగునప్పటికి వానిలో నూఱైనను మిగులవఁట. అన్నమును ఉడికించిన మాంసమును వానికి మేపుదురనియు, గుఱ్ఱముల రోగ మెఱిఁగినవారు దేశమున లేరనియు, అట్టివారు రాకుండ వర్తకులే చూతురనియు నాతని మాట. ఇందుఁ గడపటి మాట గమనింపఁదగినది. గుఱ్ఱము బ్రతికినచో వర్తకుని బేరము చచ్చును. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకుఁ దక్కువ లేదని తెలుఁగు సామెత. పాండ్యరాజునకు గుఱ్ఱము చచ్చినను వెలకుఁ దక్కువ లేకపోయెను.

ఈ నష్టము మధురలో నొక కథగా నిలిచియున్నది. పాండ్యరాజు తన మంత్రియగు వాదవూరునికి ధన మిచ్చి, తూర్పుతీరమునకు వచ్చిన గుఱ్ఱములను గొనితెమ్మని పంపెను. ఆ వాదవూరుఁడే మాణిక్యవాచకుఁడు. ఆతని యూరు మధురకుఁ జేరువనున్న తిరువాదవూరు. తిరుప్పెరుందుఱైలో నాతనికి గురుదర్శన మయ్యెను. గుఱ్ఱముల సొమ్ము గుడికి వ్యయమయ్యెను. రాజు కబురుపై కబురు పంపఁగా, ఆవణిమూలమునాఁటికి గుఱ్ఱములు వచ్చునని మంత్రి బదులు పంపెను. ఆనాఁడు శివుఁడు అడవినక్కలను గుఱ్ఱములను జేసి, తానే వర్తకనాయకుఁడై తోలుకొని వచ్చెను. పగ్గములు మార్చుకొని యప్పగింత జరిగెను. అటుపై నేమి జరిగినను అమ్మినవానికి సంబంధము లేదని యొప్పందము. ఆ రాత్రి గుఱ్ఱములు మరల నక్కలై, శాలలోని పాత గుఱ్ఱములను గఱచి చంపి యడవికిఁ బాఱిపోయెను. మంత్రిని వైగై యిసుకలో మండుటెండలో నిలిపిరి. తరువాత నది పొంగుటయు, శివుఁడు పిట్టుకొఱకు మట్టి మోయుటయు నందఱెఱిఁగినదే. తిరువిళైయాడలు పురాణము చెప్పిన యీ లీలను మధురలో నేఁటికిని ఆవణిమూలపు టుత్సవమున జరుపుచున్నారు.

దీనిని భక్తికథగాఁ జదువుట యుక్తమే. కాని దీనిలోని ప్రతిమెట్టును వర్తకపు మెట్టని కూడఁ జూడవలెను. రాజధనము రేవునకుఁ బోవుట, సరకు రాక యాలస్యమగుట, పగ్గము మార్చుటతో నమ్మినవాని బాధ్యత తీఱుట, తెల్లవాఱునప్పటికి శాల పాడుపడుట: ఇవి గుఱ్ఱములు కొన్న రాజులందఱును ఎఱిఁగిన యనుభవములు. మాణిక్యవాచకుఁడు 9వ శతాబ్దివాఁడని పెక్కురి మతము. పోలో యాతనికి నాలుగువందల యేండ్లు తరువాతివాఁడు. కావునఁ గథ పోలో చూచిన దుఃస్థితినుండి పుట్టినదనుట పొరపాటు. ఐనను, వెలపోసి కొన్న గుఱ్ఱము రాత్రికి రాత్రి మాయమగుననఁగా మధురజనులకు వింతగాఁ దోఁపకపోవుటకుఁ గారణ మా వ్యాపారమే యనుట సాహసము కాదు.

రేవుపట్టణములకు వింతజంతువుల జ్ఞాపకము లుండుట లోకమంతటను గలదు. లండను రేవుచెంత జామ్రాకను మృగవర్తకుని యంగడి యుండెడిది. ఓడలమీఁద వచ్చిన చిలుకలు, కోఁతులు, సింహములు నచ్చట నమ్ముడయ్యెడివి. 1857లో నతని పెద్దపులి బోను తప్పించుకొని, వీధిలో నొక బాలుని నోటఁ గఱచుకొని పోయెను. జామ్రాకు వెంటఁబడి విడిపింపఁగా బాలుఁడు బ్రతికెను. ఆ రేవుప్రాంతమున నిప్పటికిని ఆ బాలునికిని పులికిని శిల్ప మున్నది. అక్కడఁ బులితోపాటు రేవును జ్ఞాపకమున నిలిచినది. మధురలోఁ గథ వేఱు. జంతువు నిలిచినది, రేవు మఱవఁబడినది. కాయలు పేరెత్తినచో నేఁడు మధురవీధులలో నెందఱికి గుఱ్ఱము తోఁచును?

ఈ మఱపు తెలుఁగువారిలో మఱింత దట్టముగా నున్నది. విజయనగరరాజ్యము నిలిచినది గుఱ్ఱముమీఁద. ఆ గుఱ్ఱమును సముద్రముమీఁదనే వచ్చినది. సాళువ నరసింహుఁడు వేయి పర్దాలకు మూఁడు గుఱ్ఱముల చొప్పున, బ్రతికినవానిని జచ్చినవానినిఁ గూడఁ గొనెననియు, దారిలోఁ జచ్చినవాని తోఁకలు తెచ్చి చూపినఁ జాలుననియు పోర్చుగీసు వర్తకుఁడు నూనిజు వ్రాసెను. విజయనగరరాజు ఏఁటికి 13,000 కొని, మేలైనవి తనకుంచుకొని, మిగిలినవానిని నాయకుల కిచ్చి లాభము పొందెననియు నతఁడే చెప్పెను. 1547లో సదాశివరాయలకును గోవ పోర్చుగీసువారికిని జరిగిన సంధిలో గుఱ్ఱముల విషయమే ముఖ్యము. 1565లోఁ దళ్లికోట పోరు ముగిసినపిదప గోవకు వచ్చు గుఱ్ఱముల బేరమును దిగజాఱెను. మధుర నేలిన విశ్వనాథ నాయకుని వంశము ఈ నాయకవ్యవస్థలోనిదే.

భాషలో నీ చరిత్ర కొంత మిగిలినది. కాకతీయుల శాసనములలో సాహిణి యనఁగా గుఱ్ఱములను, ఏనుఁగులను దీర్చు నధికారి. రాహుత్తు, రౌతు అనఁగా గుఱ్ఱపువాఁడు. ఆ మాటయే తమిళమున నిరావుత్తరై, మధుర, దిండుగల్లు, కోయంబత్తూరు ప్రాంతములలోని యొక ముస్లిము సమాజమునకుఁ బేరయ్యెను. గుఱ్ఱమును దెచ్చినవారిలో వారి పూర్వులు నుందురని చెప్పు సంప్రదాయ మున్నది. తెలుఁగువాఁడు రౌతనునప్పుడు వారినిఁ దలఁచుకొనుట లేదు.

దక్షిణదేశపుఁ దెలుఁగిండ్లలో, మన పెద్దలు నాయకరాజుల సేనలతో గుఱ్ఱములెక్కి వచ్చిరను మాట సాధారణము. పిల్లలకుఁ జెప్పుటకు మంచిమాటయే. కాని కంబళత్తారులు చెప్పుకొను వలసకథను వినినచో వేఱొక చిత్రము కనఁబడును. శత్రువులు తఱుముచుండఁగా నేటియొడ్డున నాఁగిపోయిన వారికై యిరుగట్లనున్న పుంగుచెట్లు వంగి వారధి కట్టినవనియు, దానిమీఁద దాఁటి వచ్చితిమనియు వారి కథ. ఆ చెట్టును వారు పూజింతురు. తెలుఁగున దానిని గానుగ యందుము. ఈ కథలో గుఱ్ఱము లేదు. చెట్టుకొమ్మలమీఁద నడచి దాఁటినవారు కాలినడకవారు. రెండు మాటలలో నేది చరిత్రకు దగ్గఱ యనినఁ, గాలినడకయే యనవలెను. దీనారముల వెలఁ జూచినపిదపఁ గాపునకు, నేఁతవానికి, పసులకాపరికి గుఱ్ఱ మెట్లు దొరకునని వేఱుగ నడుగ నక్కఱలేదు. రౌతుపేరు గల వంశములు కొన్ని యుండవచ్చును; వలస వచ్చినవారిలోఁ బెక్కురు ఎద్దులవెంట నడచినవారే.

మఱియొకటి. గుఱ్ఱమునకు జీను, కళ్లెము, పట్టెడ కావలెను. అవి తోలుతో నగునవి. కొంగునాట నరుంధతీయు లిండ్లలోఁ దెలుఁగు మాటాడువారు. చెప్పులు, నూతికపిల తోలుబానలు తరతరములుగా వారి చేతిపని. పుదుమండపపు రాతిగుఱ్ఱముమీఁద రౌతు మీసము, కిరీటము, కత్తి శిల్పి శ్రద్ధగాఁ జెక్కినాఁడు. జీనుపట్టెడ కుట్లుకూడఁ జెక్కినాఁడు. కుట్టినవాఁ డెవఁడో యడిగినవారు లేరు. తెలుఁగు సంఘములు తమ పూర్వచరిత్ర వ్రాసికొనునప్పుడు నాయకరాజులతో మొదలిడి మిల్లుల యజమానులతో ముగించుట పరిపాటియైనది. తోలుపనివాని తెలుఁగును తెలుఁగే కదా!

కోయంబత్తూరువైపు గుఱ్ఱపు జ్ఞాపకము మఱింత పలుచన. అక్కడఁ దెలుఁగువాని దేవతాజంతువు ఎద్దు. ఉడుమలపేట ప్రాంతపుఁ గంబళత్తారులు దేవునికి విడిచిన కోడెను సలగెరుదందురు. ధనుర్మాసమున దానిని ఉఱుమి వాద్యమునకుఁ దగినట్లు ఆడించి, సంక్రాంతికి సోమవారపట్టి యాల్కొండమాలు కోవెలకుఁ దోలుకొని పోదురు. ఈ కోడెకు వెల లేదు, ఓడ లేదు, పగ్గము మార్చుట లేదు. మందలోఁ బుట్టి మందలోనే పోవును. పూర్వపుఁ గోయంబత్తూరు జిల్లాలోనిదై 1979లో ఈరోడు జిల్లాలోఁ జేరిన అందియూరులో మాత్రము, ఆడిమాసమున గురునాథస్వామి తిరునాళ్లకుఁ బసులసంతతోపాటు గుఱ్ఱములసంతయు సాగును. టిప్పు సుల్తాను కాలమునాఁటినుండి యున్నదని యూరివారి మాట. అచ్చటికి వచ్చు గుఱ్ఱములకు సముద్రముతోఁ బని లేదు.

గుఱ్ఱపుదాణాయగు నులవలు మాత్రము ఎల్లయెడలను మిగిలినవి. పారసీకపు గుఱ్ఱమునకు వేఁపినయవలును వెన్నకలిపిన యుడుకుగింజలును బెట్టిరని వస్సాఫు వ్రాసెను. ఈ నేలగుఱ్ఱములకు యవలకు మాఱుగా నులవలే తిండి. వానినే తమిళులు కొళ్లందురు. కోయంబత్తూరులో రెండుభాషల యిండ్లలోను చలికాలమునఁ గొళ్లురసము కాఁగుచుండును. ఆంధ్రదేశమున నదే యులవచారు.