ముందు డబ్బా, తర్వాత డ్రైవరు

హైదరాబాద్‌లో బన్సీలాల్‌పేట్ పక్కనే ఉన్న గాంధీ ఆసుపత్రి నుంచి వైద్య వ్యర్థాల సంచులు వ్యానులో వెళ్తాయి. చర్లపల్లి డిపోల నుంచి పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు నగరం మీదుగా సాగుతాయి. సరుకులు వేరు, ప్రమాదం రెండింటా ఉంది. వాటిని మోసేవాళ్లకు పని నేర్పాలన్న ఆలోచన మన చట్టాలకు చాలా ఆలస్యంగా వచ్చింది.

1884 పేలుడు పదార్థాల చట్టం, 1934 పెట్రోలియం చట్టం ప్రధానంగా పట్టించుకున్నది సరుకునీ, అది ఉండే డబ్బానీ, నిల్వకిచ్చే లైసెన్సునీ. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగాక గానీ చూపు మారలేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు వచ్చాయి. ప్రమాదకర సరుకు మోసే లారీకి అత్యవసర సమాచార పలక తప్పనిసరైంది. సరుకు స్వభావం, ప్రమాదం జరిగితే ఏం చేయాలో తెలిపే ట్రెమ్ కార్డు డ్రైవరు క్యాబిన్‌లో ఉండాలి.

అసలు మలుపు ఆ మోటారు వాహనాల నిబంధనలకు 1993లో వచ్చిన సవరణలోని 9వ నిబంధన. ఇలాంటి బండి నడిపేవాడికి మూడు రోజుల శిక్షణ ఉండాలంది. జాగ్రత్తగా నడపడం, నైపుణ్యం పెంచుకోవడం, సరుకు భద్రత అందులోని పాఠాలు. ఇంకో షరతు, ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లిషు కూడా చదవడం, రాయడం రావాలి. ఇది నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. రసాయనం పేరు ఇంగ్లిషులో ఉండడం సరే. లీకు మొదలైన క్షణంలో అవసరమయ్యే సూచనలు తెలుగులో ఇవ్వడం డ్రైవరుకు ఇంగ్లిషు నేర్పడం కంటే తేలిక కాదా?

1994 చట్ట సవరణతో ఇలాంటి బండి నడిపే డ్రైవరు లైసెన్సు ఏడాదికే పరిమితమైంది. ఒక రోజు పునశ్చరణ తరగతికి హాజరైతేనే పొడిగింపు. 2019లో ఆ గడువు మూడేళ్లకు పెరిగింది. ఆర్టీఏ చుట్టూ తిరగడం తగ్గిందని డ్రైవర్లు సంతోషించవచ్చు. నేర్చినది గుర్తుంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఆసుపత్రి వైపు కథ ఇంకా వెనకబడింది. 1998 వైద్య వ్యర్థాల నిబంధనలు వ్యర్థాన్ని పది రకాలుగా విడదీశాయి. ఏది ఎక్కడ పడేయాలో చెప్పాయి గానీ, మోసేవాడి శిక్షణకు చోటివ్వలేదు. 2016 నిబంధనల్లో అది స్పష్టంగా వచ్చింది: చేరినప్పుడు ఒకసారి, ఆపైన కనీసం ఏటా ఒకసారి శిక్షణ, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు, ఏటా ఆరోగ్య పరీక్ష. శుద్ధి చేయని వ్యర్థం 48 గంటలకు మించి నిల్వ ఉండకూడదు. వ్యర్థాలను తీసుకెళ్లి శుద్ధి చేసే సంస్థ కూడా తన కార్మికులకు ఏటా శిక్షణ ఇవ్వాలి.

2020లో గాంధీ పూర్తిగా కోవిడ్ ఆసుపత్రిగా మారినప్పుడు ఈ పని ఎంత కీలకమో తేలింది. రెండు పొరల సంచి, దానిమీద కోవిడ్ వ్యర్థమన్న చీటీ, వైద్య వ్యర్థాలకు విడిగా సఫాయి కార్మికులు, ప్రత్యేక వాహనం అన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకం. అయినా ఇద్దరి మధ్య ఒక తేడా ఉంది. ట్యాంకరు డ్రైవరు శిక్షణ అతని లైసెన్సు మీదే కనిపిస్తుంది, రోడ్డు మీద ఎవరైనా ఆపి చూడొచ్చు. సఫాయి కార్మికుడి శిక్షణ ఆసుపత్రి రిజిస్టరులో ఉంటుంది. అతను ఉద్యోగం మారితే అది అతని వెంట రాదు.