పొడవైనా తప్పే, పొట్టిదైనా తప్పే

1970ల్లో జపాన్ హైస్కూళ్ల గేటు దగ్గర కాపు కాసిన టీచర్లకు కొందరు ఆడపిల్లల మీద ఉన్న ఫిర్యాదు, స్కర్టు మరీ పొడుగ్గా ఉందని. చీలమండల దాకా దిగిన ముదురు నీలం కుచ్చిళ్లు కనబడితే చాలు, ఆ పిల్ల దారి తప్పిందని తీర్మానించేవారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఫిర్యాదు తలకిందులైంది. 1990ల్లో మోకాలికి జానెడు పైన ఆగిన స్కర్టును చూసి అవే గేట్ల దగ్గర అదే తీర్మానం చేశారు. బట్ట అదే. రెండుసార్లూ బోనులో నిలబడింది పదహారేళ్ల పిల్లే.

ఈ చరిత్రను చదువుతున్నకొద్దీ నాకు ఒక అభిప్రాయం బలపడింది. స్కర్టు పొడవు మీద బడులు పెట్టే నిబంధనలకు సిగ్గుతోనూ మర్యాదతోనూ ఉన్న చుట్టరికం చాలా దూరపుది. ఎదిగే పిల్ల ఒంటి మీది బట్ట గురించి చివరి మాట ఎవరిదన్నదే అసలు తగువు. ఆ తగువు జపాన్‌లో నడిచినంత బాహాటంగా, అంత సుదీర్ఘంగా మరెక్కడా నడవలేదేమో. నూట యాభై ఏళ్లుగా సాగుతూనే ఉంది.

మేజీ చక్రవర్తి కాలపు జపాన్ ప్రభుత్వం 1872లో ఆడా మగా అందరికీ చదువు అని ప్రకటించగానే, ఆడపిల్ల బడికి ఏం కట్టుకుని వెళ్లాలన్న ప్రశ్న పుట్టింది. కిమోనోతో కుర్చీలో కూర్చోవడం కష్టం. నాలుగడుగులు వేగంగా వేస్తే ముందు భాగం విడిపోతుంది. అందుకని తొలి తరం విద్యార్థినులు కొందరు కిమోనో మీద మగవాళ్లు కట్టే హకామా కట్టుకుని బయల్దేరారు. కుచ్చిళ్లు పెట్టి నడుముకు బిగించే వదులైన వస్త్రం అది. పత్రికలు మండిపడ్డాయి, మగరాయుళ్లని వెక్కిరించాయి. 1880ల తొలినాళ్లకల్లా ఆ వేషం మాయమైంది.

దానికి పెద్దమనుషులు ఒప్పుకునే రూపం ఇచ్చిన మనిషి షిమోదా ఉతాకో. రాణివాసంలో కొలువు చేసి, 1885లో కులీన కుటుంబాల ఆడపిల్లల కోసం తెరిచిన బడిలో బోధించిన ఈ విదుషి, ఆడవాళ్ల కోసం వేరుగా ఒక హకామాను ప్రచారంలోకి తెచ్చింది. చూడ్డానికి స్కర్టులా ఉంటుంది, హుందాగా ఉంటుంది, ఆటలకూ పనికొస్తుంది. 1900 నాటికి మెరూన్ రంగు హకామా అంటే చదువుకునే పిల్ల అని ఊరంతా గుర్తుపట్టే స్థితి వచ్చింది. అంతటితో గొడవ సద్దుమణిగిందా అంటే లేదు. ఆ హకామాతోనే ఆడపిల్లలు సైకిలెక్కారు. తర్వాతి కాలంలో ‘మదామా బటర్‌ఫ్లై’ పాత్రతో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన గాయని మియురా తమాకి, టోక్యో సంగీత పాఠశాలకు సైకిల్ మీద వెళ్తుంటే జనం చూడ్డానికి నిలబడిపోయేవారట. 1903లో కొసుగి తెంగాయి యొమియురి పత్రికలో రాసిన సీరియల్‌లో నాయిక సైకిల్ మీదే ప్రవేశిస్తుంది. పాఠకులు ఎగబడి చదివారు. విద్యార్థినులు పాడైపోతున్నారన్న కలవరమూ ఆ రోజుల్లోనే పత్రికలకెక్కింది. అప్పటికి చీలమండ దాటి కాలు ఒక్క అంగుళం కూడా బయటపడలేదన్నది గమనించాలి.

ఇవాళ ప్రపంచమంతా జపాన్ స్కూలు పిల్ల అనగానే ఊహించుకునే సెయిలర్ యూనిఫాం 1920ల నాటిది. నావికుడి కాలరు, మెడలో స్కార్ఫు, కుచ్చిళ్ల స్కర్టు. దీని మూలం ఇంగ్లండులో ఉంది. విక్టోరియా రాణి కొడుకు ఎడ్వర్డుకు నావికుడి దుస్తులు తొడిగి 1846లో వింటర్‌హాల్టర్ బొమ్మ గీశాక యూరప్‌లో పిల్లలందరికీ అది ముచ్చటైన వేషమైంది. జపాన్‌లో 1920లో క్యోటోలోని హెయాన్ జోగకుయిన్ సెయిలర్ కాలరున్న గౌనును యూనిఫాంగా పెట్టింది. మరుసటి ఏడు ఫుకుయోకా జోగకుయిన్‌లో అమెరికా నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ ఎలిజబెత్ లీ, తన సొంత సెయిలర్ దుస్తులను ఊళ్లోని దర్జీకి నమూనాగా ఇచ్చి పైది వేరు, కింది స్కర్టు వేరుగా కుట్టించింది. ఎవరు ముందన్న దానిపై ఆ బడుల అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది దాని పనితనం. కుట్టడం తేలిక. కుట్టు క్లాసులో పిల్లలే కుట్టుకోగలిగారు. పరుగెత్తవచ్చు, బంతి ఆడవచ్చు. 1923 నాటి కాంతో భూకంపం తర్వాత కిమోనోతో ప్రాణం కాపాడుకోవడం ఎంత కష్టమో మాట్లాడుకున్న తల్లిదండ్రులకు అది నచ్చింది కూడా. స్కర్టు ఆడపిల్లకు కాళ్లాడించే వెసులుబాటుగా వచ్చిందన్న సంగతి, తర్వాత వచ్చిన కొలబద్దల గోలలో మరుగున పడిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక స్కర్టు కూడా పోయింది. బట్టకు రేషన్ పెట్టారు. ఫ్యాక్టరీ పనికి తోలిన బడి పిల్లలు పొలం ఆడవాళ్లు తొడిగే మొంపె అనే వదులు పైజామాలు వేసుకున్నారు. పైన సెయిలర్ చొక్కా, కింద మొంపె. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో కాలి చిరిగిన స్కూలు బట్టలు ఉన్నాయి. బాంబు పడిన ఉదయం ఇళ్లు కూల్చి ఖాళీ జాగాలు చేసే పనిలో ఉన్న పిల్లలవి. ఆ ఒక్క కాలంలో ఆడపిల్ల స్కర్టు పొడవు గురించి ఎవరూ అడగలేదు.

ఇక 1967. లండన్ మోడల్ ట్విగ్గీ జపాన్ వచ్చి వెళ్లాక మినీ స్కర్టు దేశాన్ని ఊపేసింది. తర్వాత రెండేళ్లు యూనివర్సిటీలు సమ్మెలతో అట్టుడికాయి. ఆ సెగ హైస్కూళ్లకూ పాకి, కొన్నిచోట్ల విద్యార్థులు యూనిఫాంనే రద్దు చేయించుకున్నారు. నగానో రాష్ట్రంలో ఈ నాటికీ యూనిఫాం లేని ప్రభుత్వ హైస్కూళ్లు చాలా ఉన్నాయి. ఇక్కడే కథ మలుపు తిరిగింది. వీధిలో ఆడవాళ్ల స్కర్టులు పైకి పోతుంటే, బడిలో ఎదురుతిరిగిన ఆడపిల్లలు తమ స్కర్టును కిందికి దించారు. సుకెబాన్ అని పిలిచే రౌడీ ముఠాల ఆడపిల్లలు చొక్కాను నడుము దాకా కత్తిరించి, స్కర్టును పాదాల దాకా సాగదీశారు. మగవాళ్ల కళ్ల కోసం పుట్టిన ఫ్యాషన్‌కు అది జవాబు అని తర్వాత రాసినవాళ్లు చాలామంది అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. నిండా బట్ట కట్టుకోవడమే ధిక్కారమైన సందర్భం చరిత్రలో అరుదు. మర్యాదే అసలు కొలమానమైతే టీచర్లు ఆ పిల్లలను మెచ్చుకోవాలి కదా! మెచ్చుకోలేదు. స్కర్టు ఇంతకన్నా పొడవు ఉండరాదని రాశారు, కుచ్చిళ్లెన్ని ఉండాలో కూడా రాశారు.

1980 ప్రాంతంలో జూనియర్ హైస్కూళ్లలో హింస చెలరేగింది. అద్దాలు పగిలాయి, టీచర్లు దెబ్బలు తిన్నారు, కొన్ని ఊళ్లలో స్నాతక వేడుకకు పోలీసులు కాపలా ఉన్నారు. బడి నిబంధనలను జపాన్‌లో కోసొకు అంటారు, ఆ భయంతో అవి ఇంకా బిగుసుకున్నాయి. విద్యార్థి జేబులో ఉండే చిన్న పుస్తకంలో జుట్టు, సాక్సు రంగు, స్కర్టు అంచు ఎక్కడ ఆగాలో బొమ్మలు వేసి మరీ చూపించారు. బట్ట చెదిరితే మనసు చెదిరినట్టే అన్నది ఆనాడు ప్రతి స్టాఫ్ రూంలో వినబడిన మాట. కుమామోతోలో మగపిల్లల తల దాదాపు గుండు చేయించాలన్న నిబంధనపై ఒక విద్యార్థి, తల్లిదండ్రులు కోర్టుకెక్కితే, అది ప్రిన్సిపాల్ అధికారంలోదేనని 1985లో జిల్లా కోర్టు తేల్చింది.

ఆ కాఠిన్యం ఎక్కడిదాకా వెళ్లిందో 1990 జూలై 6న తెలిసింది. కోబేలో ఒక హైస్కూలు దగ్గర ఎనిమిదిన్నర గంట కొట్టగానే టీచరు ఇనుప గేటును బలంగా తోశాడు. పరుగున లోపలికి వస్తున్న పదిహేనేళ్ల అమ్మాయి మధ్యలో నలిగి చనిపోయింది. టీచరుకు శిక్ష పడింది. ఆమె వేసుకున్న బట్టలో తప్పేమీ లేదు, ఆలస్యమవుతుందని పరుగెత్తిందంతే. ఆ మరణం తర్వాత దేశమంతటా బడులు తమ నిబంధనల పుస్తకాలను మళ్లీ తెరిచి చూసుకోవలసి వచ్చింది. గేటు దగ్గర నిలబడే మనిషి చేతిలో గడియారం, స్కేలు తప్ప ఇంకేమీ మిగలకపోతే ఏమవుతుందో ఇంతకన్నా బాధాకరంగా చెప్పే ఉదంతం నాకు తెలియదు.

1990ల్లో వచ్చిన పొట్టి స్కర్టు ఇంకో తరానిది. టోక్యో షిబుయా వీధుల్లో వదులు సాక్సులు, పెద్ద కార్డిగన్, గోధుమ రంగు వేయించిన జుట్టుతో కనిపించిన పిల్లలను కొగ్యరు అన్నారు. స్కర్టును వాళ్లు కత్తిరించేవారు తక్కువ. నడుము దగ్గర రెండు మూడు మడతలు చుట్టి, బెల్టు బిగించి, చొక్కా పైకి వదిలేవారు. గేటు కనబడగానే మడత విప్పితే నిబంధన ప్రకారం మోకాలి పొడవు. స్టేషన్ చేరేలోగా మళ్లీ పైకి. టీచర్లు మోకాళ్ల మీద కూర్చోబెట్టి అంచు నేలకు తగులుతుందో లేదో చూశారు. యూనిఫాం కంపెనీలు కత్తిరిస్తే తెలిసిపోయేలా అంచున ఎంబ్రాయిడరీ వేసిన స్కర్టులు తెచ్చాయి. ఒకాయమా రాష్ట్రంలోని కురషికి, కొజిమా ప్రాంతం దేశపు స్కూలు బట్టల తయారీకి కేంద్రం. పిల్లల తెలివికీ టీచర్ల కంటికీ మధ్య పోటీలో అక్కడి డిజైనర్లకు పని పెరిగింది.

తల్లిదండ్రులు ఎటున్నారు? వాళ్ల స్థితే అన్నిటికన్నా ఇరుకైనది. బడి నుంచి ఫోను వస్తుంది, మీ అమ్మాయి స్కర్టు సరిచేయించండని. పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దది కొన్నది తల్లి. ఈ లెక్క మన ఇళ్లలోనూ తెలిసినదే, రెండేళ్లు వస్తుందని అంచు మడిచి కుట్టించే తల్లులు మనకూ ఉన్నారు. 1990ల్లో కూతుళ్లను మందలించిన తల్లుల్లో కొందరు 1970ల్లో పొడుగు స్కర్టు తరం వాళ్లే అయి ఉండాలి, వయసు లెక్క సరిపోతుంది. నీగాతా రాష్ట్రంలో హైస్కూలు పిల్లల స్కర్టులు దేశంలోకెల్లా పొట్టివని పేరు పడితే, అక్కడి తల్లిదండ్రుల సంఘాలే టీచర్లతో కలిసి పోస్టర్లు అంటించాయి. దాని వెనకున్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. రద్దీ రైళ్లలో ఆడపిల్లల ఒంటి మీద చేతులు వేసే మగవాళ్లు టోక్యోలో నిజంగా ఉన్నారు, తల్లికి కునుకు పట్టనివ్వని నిజం అది. కానీ దానికి దొరికిన మందు స్కర్టు అంచులో లేదు. కేయో రైల్వే 2000 చివర్లో ప్రయోగంగా మొదలుపెట్టి 2001లో స్థిరపరచిన మహిళల ప్రత్యేక బోగీలు, పోలీసు కేసులు ఆ పని చేశాయి. తప్పు చేసినవాడిని వదిలి, తప్పు జరిగిన పిల్ల బట్ట కొలిచే అలవాటు మాత్రం ఎక్కడైనా చాలా గట్టిది.

అదే నీగాతాలో పుట్టిన కొనోమి అనే కంపెనీ, యూనిఫాం లేని బడుల్లో చదివే పిల్లల కోసం యూనిఫాంలా కనబడే బట్టలు అమ్మి వృద్ధిలోకి వచ్చింది. బలవంతం లేనిచోట అదే స్కర్టును ఇష్టపడి కొనుక్కున్నారు! 2009లో జపాన్ విదేశాంగ శాఖ ముగ్గురు యువతులను ముచ్చటైన ఫ్యాషన్‌కు రాయబారులుగా ప్రకటిస్తే, వాళ్లలో ఒకరు స్కూలు యూనిఫాం వేషంలో దేశాలు తిరిగారు. ఇంట్లో కొలత, బయట కీర్తి.

2017లో ఒసాకాలో ఒక ప్రభుత్వ హైస్కూలు విద్యార్థిని కోర్టుకెక్కింది. పుట్టుకతోనే గోధుమ రంగు జుట్టు ఆమెది. నల్ల రంగు వేసుకోమని బడి పదే పదే ఒత్తిడి చేసింది. ఆమె బడికి రావడం మానేస్తే, తరగతిలో ఆమె బల్లనూ హాజరు పట్టీలో పేరునూ తీసేసింది. 2021 ఫిబ్రవరిలో ఒసాకా జిల్లా కోర్టు నిబంధన చట్టబద్ధమేనంటూనే, బల్ల తీసేయడం తప్పని 3 లక్షల 30 వేల యెన్‌ల పరిహారం ఇప్పించింది. ఈ కేసు దేశంలో ఒక మూత తీసింది. బ్లాక్ కోసొకు, అంటే అన్యాయపు నిబంధనలు అన్న మాట ఇంటింటికీ చేరింది. లోదుస్తులు తెల్లరంగువే ఉండాలని, అవి నిజంగా తెల్లవో కావో చూసే బడులున్నాయని వయసొచ్చిన ఆడపిల్లలు చెప్పుకుంటే విని తల్లిదండ్రులు నివ్వెరపోయారు. 2022 ఏప్రిల్ నుంచి టోక్యో విద్యా బోర్డు తన హైస్కూళ్లలో లోదుస్తుల రంగు, పుట్టుజుట్టుకు రంగు వంటి నిబంధనలను ఎత్తేసింది.

స్కర్టు విషయంలో అసలు మార్పు కొలతలో రాలేదు, స్కర్టే తప్పనిసరి కాకుండా పోయింది. చిబా రాష్ట్రం కషివా నగరంలో 2018లో తెరిచిన ఒక జూనియర్ హైస్కూలు స్కర్టు కావాలో ప్యాంటు కావాలో, టై కావాలో రిబ్బన్ కావాలో పిల్లలనే ఎంచుకోమంది. టోక్యో నకానో వార్డులో ఆరో తరగతి అమ్మాయి నేరుగా మేయరు దగ్గరికి వెళ్లి, జూనియర్ హైస్కూల్లో ప్యాంటు వేసుకోనివ్వమని అడిగింది. 2019 ఏప్రిల్ నుంచి ఆ వార్డు బడులన్నీ అందుకు ఒప్పుకున్నాయి. చలికాలం ఉత్తరాన హొక్కైదోలో మోకాళ్ల దాకా మంచులో స్కర్టుతో నడిచిన అమ్మమ్మలకు ఈ మాట ఎంత ఆలస్యంగా వచ్చినట్టు తోచి ఉంటుందో.

2022 డిసెంబరులో జపాన్ విద్యాశాఖ, విద్యార్థులకు దారి చూపడంలో టీచర్లు వాడే మార్గదర్శక పుస్తకాన్ని పన్నెండేళ్ల తర్వాత సవరించింది. నిబంధనలను బడి వెబ్‌సైట్లో అందరికీ కనబడేలా పెట్టడం మంచిదని, ప్రతిదీ ఎందుకు పెట్టారో చెప్పాలని, మార్చాలంటే ఏ దారిలో రావాలో చూపించాలని, ఆ చర్చలో పిల్లలను కలుపుకోవాలని అందులో రాసింది. ఇది సలహాయే, చట్టం కాదు. సంతకం పెట్టేది ఇప్పటికీ ప్రిన్సిపాలే. కానీ కారణం రాయమన్నారు చూశారా, అది చిన్న సంగతి కాదు. స్కర్టు అంచు మోకాలి మీద ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగాలో రాయడం సులువు. ఆ అంకె పక్కన ‘ఎందుకంటే’ అని మొదలుపెట్టి ఒక వాక్యం పూర్తిచేయమంటే కలం ఆగిపోతుంది. కారణం దొరకని నిబంధనలను కొన్ని బడులు ఇప్పటికే, పిల్లలు చూస్తుండగా, కొట్టేయడం మొదలుపెట్టాయి.