గాజు కడ్డీ కొసన ఒక్క చుక్క

1880 జూన్. జర్మనీలోని లైప్‌జిగ్ ప్రసూతి ఆసుపత్రి. అప్పటిదాకా వినిపించిన మూలుగు ఆగింది. ఆ వెంటనే కేరుమని బిడ్డ ఏడుపు.

మంత్రసాని బొడ్డు కోసి, నీళ్ళు పోసి, బిడ్డను బల్ల మీద పడుకోబెట్టింది. శుభ్రమైన గుడ్డతో రెండు కళ్ళూ తుడిచింది. బట్టలు తొడిగే ముందు ఇంకొక్క పని మిగిలింది.

ఆ పనెందుకో తెలియాలంటే పక్క వార్డులో మూడు రోజుల పసివాణ్ణి చూడాలి. వాడి రెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. వేలితో విప్పగానే పచ్చటి చీము చెంప మీదికి జారింది. ఆ చీము కింద నల్లగుడ్డు మీది పొర పుండై చిల్లి పడితే, ఆ కంటికి ఇక వెలుగు లేదు. ఇక్కడ పుట్టిన పిల్లల్లో నూటికి 10 మందికి పైగా ఈ జబ్బు సోకిన ఏడాదులున్నాయి.

తల్లికి గనేరియా ఉంటే, కాన్పు దారిలోనే ఆ క్రిమి బిడ్డ కళ్ళలో చేరుతుంది. ఒంట్లో అది ఉన్నట్టు చాలామంది తల్లులకే తెలియదు. ఆల్బర్ట్ నైసర్ అనే కుర్ర డాక్టరు నిరుడే దాన్ని మైక్రోస్కోపు కింద పట్టుకున్నాడు. రెండేసి గింజలు ఎదురెదురుగా అతికినట్టుంటుంది. ఇలాంటి పసికళ్ళ చీములోనూ అదే కనిపించింది.

ఈ ఆసుపత్రి పెద్ద కార్ల్ క్రెడే. ఆయన మొదట కాన్పుకు ముందు తల్లుల జననమార్గాన్ని మందునీళ్ళతో కడిగించి చూశారు. జబ్బు ఆగలేదు. తర్వాత, జబ్బున్న తల్లుల బిడ్డలకు మాత్రమే కళ్ళలో మందు వేయించారు. వాళ్ళు బాగానే ఉన్నారు. జబ్బు లేదనుకుని వదిలేసిన వాళ్ళ బిడ్డల కళ్ళు చీము పట్టాయి. దాంతో ఆయన తల్లుల్ని వేరు చేయడం మానేసి, పుట్టిన ప్రతి బిడ్డకూ మందు వేయమన్నారు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

మంత్రసాని రెండు వేళ్ళతో రెప్పలు విప్పింది. రెండు శాతం సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో సన్నటి గాజు కడ్డీ ముంచి తీసింది. కొసన నీటిబొట్టులాంటి చుక్క వణికింది. కడ్డీ కంటికి దగ్గరగా వచ్చింది. చుక్క నల్లగుడ్డు నడిమిని తాకి పరుచుకుంది. తర్వాత రెండో కన్ను. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. కళ్ళు కాస్త ఎర్రబడతాయి, రెండ్రోజుల్లో తగ్గిపోతుంది.

ఆ ఏడాది చివరికి లెక్క చూస్తే, ఇలా చుక్క పడిన సుమారు 200 మందిలో ఒక్కరికే జబ్బు వచ్చింది.

పక్క గదిలో మరో బిడ్డ ఏడుపు. ఆ తల్లి ఎవరు, ఆమెకు జబ్బుందా అని మంత్రసాని అడగలేదు. కడ్డీ కడిగి, చేతికి తీసుకుని అటు నడిచింది.