మద్రాసు శాసన మండలి: తొలి దశ (1861–1892)

బ్రిటిష్ ఇండియాలో మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టాలు చేసే అధికారం 1833 చార్టర్ చట్టంతో పోయి, 1861 ఇండియన్ కౌన్సిల్స్ చట్టంతో తిరిగి వచ్చింది. ఈ రెండో చట్టం ప్రకారం ఏర్పడిన శాసన మండలిని నేటి అర్థంలో చట్టసభ అనలేం. గవర్నరు కార్యనిర్వాహక మండలికే, చట్టాలు చేసే సమయంలో, అడ్వొకేట్ జనరల్‌ను, మరో నలుగురి నుంచి ఎనిమిది మంది వరకు అదనపు సభ్యులను కలిపేవారు. ఆ అదనపు సభ్యుల్లో కనీసం సగం మంది ప్రభుత్వోద్యోగులు కానివారై ఉండాలి. వారి పదవీకాలం రెండేళ్లు. ఎన్నిక లేదు, గవర్నరు నామినేషనే. ముందుకు వచ్చిన బిల్లు గురించి మాట్లాడవచ్చు గానీ ప్రభుత్వాన్ని ప్రశ్న అడిగే హక్కు లేదు, బడ్జెట్‌పై చర్చ లేదు. ఆమోదం పొందిన బిల్లుకు గవర్నరుతో పాటు గవర్నర్ జనరల్ సమ్మతి కూడా కావాలి.

అప్పటి గవర్నరు సర్ విలియం డెనిసన్ అంతకుముందు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ గవర్నరు. అక్కడ 1856లోనే ఎన్నికైన శాసనసభ, దానికి జవాబు చెప్పుకునే మంత్రివర్గం ఏర్పడ్డాయి. అది ఆయన కళ్ల ముందు జరిగిన మార్పే. అదే సామ్రాజ్యం, అదే గవర్నరు. సిడ్నీ వలసదారుకు దక్కిన హక్కు మద్రాసు రైతుకు దక్కలేదు. మండలి తొలి దశను అర్థం చేసుకోవడానికి ఈ తేడా ఒక్కటి చాలు.

మండలిలో కూర్చున్న తొలి భారతీయుడు న్యాయవాది వెంబాకం సదగోపాచార్యులు. ఆయన 1863లో మరణించగా, ఆ ఏడే గాజుల లక్ష్మీనరసు శెట్టి నామినేట్ అయ్యారు. శెట్టి తెలుగు వర్తకుడు. నీలిమందు, బట్టల వ్యాపారంలో తండ్రి సిద్ధులు శెట్టి గడించిన ఆస్తికి వారసుడు. ప్రభుత్వం కొలువున్న సెయింట్ జార్జి కోట పక్కనున్న బ్లాక్‌టౌన్‌కు, అంటే తర్వాత ఐదో జార్జి పేరు మీద జార్జి టౌన్ అయిన పేటకు, కోటలో వినబడే గొంతు ఏదైనా ఉందంటే అది ఆయనదే. మండలిలోకి రావడానికి చాలా ముందే ఆ గొంతు మొదలైంది. 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టి, మిషనరీల మత ప్రచారానికి అధికారుల అండ ఉండడాన్ని ఎదిరించారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, ప్రెసిడెన్సీ కష్టాలను ఏకరువు పెడుతూ బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపారు.

ఆ అర్జీ ఫలితంగానే పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోర్ 1853లో మద్రాసు వచ్చి, శెట్టితో కలిసి జిల్లాలు తిరిగారు. శిస్తు బకాయి పడిన రైతును కొలువుల్లో ఏం చేస్తున్నారో అప్పుడు బయటపడింది. రెండు కర్రలను ఒక కొసన బిగించి, మధ్య వేళ్లు పెట్టి నొక్కే ‘కిట్టి’, మనిషిని వంచి తాడుతో కట్టి ఎండలో నిలబెట్టడం, ఇవన్నీ సర్కారు బంట్రోతుల చేతుల మీదుగా జరిగేవి. విషయం కామన్స్ సభలో చర్చకు వచ్చాక 1854లో చిత్రహింసల విచారణ సంఘం వేశారు. 1855 నివేదికలో అది ఆరోపణలు నిజమని ఒప్పుకుంది. ఎన్నికైన సభ లేని చోట ఒక వర్తకుడి సంఘం ఇంత సాధించడం మామూలు విషయం కాదు. మండలి తన తొలి ముప్పై ఏళ్లలో ఏ ఒక్క రోజూ ప్రభుత్వాన్ని ఇలా సంజాయిషీ అడగలేకపోయింది. అడిగే హక్కే దానికి లేదు.

శెట్టి సభ్యత్వం గౌరవమే గానీ, కట్టుబాటు కూడా. పార్లమెంటుకు నేరుగా మొర పెట్టుకున్న మనిషి, ఇప్పుడు బిల్లు వచ్చినప్పుడు మాత్రమే నోరు తెరవాలి. ఉద్యమాల కోసం సొంత ఆస్తి ఖర్చు చేసిన ఆయన 1868లో పేదరికంలో కన్నుమూశారు. ఆ ఏడే విశాఖపట్నం జమీందారు గోడె నారాయణ గజపతిరావు మండలిలోకి వచ్చారు. భూస్వాములు, పెద్ద న్యాయవాదులు, పదవిలో ఉన్న అధికారులతో మండలి చాలాకాలం అలాగే నడిచింది.

1884లో మద్రాసు మహాజన సభ, ఆ మరుసటి ఏడు కాంగ్రెసు పుట్టాక, మండళ్ల విస్తరణ ప్రధానమైన కోరికగా మారింది. 1892 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం అదనపు సభ్యుల సంఖ్యను ఇరవై వరకు పెంచింది. ప్రశ్నలు వేయడానికీ, బడ్జెట్ గురించి మాట్లాడడానికీ అనుమతించింది గానీ దానిపై ఓటు ఇవ్వలేదు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు పేర్లు సిఫారసు చేస్తే గవర్నరు నామినేట్ చేసే పద్ధతి మొదలైంది. ఆ దారిన 1893లో మండలికి వచ్చినవారిలో మహాజన సభ అధ్యక్షుడు పి. రంగయ్యనాయుడు, రాజమండ్రి వకీలు న్యాపతి సుబ్బారావు ఉన్నారు.